సజీవ కణజాల నమూనాలు: వ్యాధి అధ్యయన చరిత్రలో హైదరాబాద్

వరి కోతల కాలంలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా కనిపించే దృశ్యం ఒకటుంది. కల్లంలో పనిచేసే కూలి మనిషి ఒక కన్ను మూసుకొని, కొంగుతోనో తువ్వాలతోనో దాన్ని ఒత్తుకుంటూ ఉంటుంది. కంట్లో వడ్ల నుసి పడిందనో, గడ్డిపరక అంచు తగిలిందనో చెబుతుంది. చాలామందికి అది ఒక పూటలో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం మరునాటికి కన్ను ఎర్రబడి, వారంలో నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ వస్తుంది. ఊళ్ళో దాన్ని ‘కంట్లో పువ్వు’ అంటారు. వైద్యుల భాషలో అది కార్నియా పుండు. మన వంటి ఉష్ణ ప్రాంతాల్లో, పొలం పనుల్లో తగిలిన దెబ్బ తర్వాత వచ్చే ఇటువంటి పుండ్లకు ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు ముఖ్య కారణాలు. మట్టిలో, గడ్డిలో ఉండే బూజు చిన్న గీత దొరికితే చాలు లోపలికి దిగుతుంది. తెలియక మందుల దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకుంటే మంట తగ్గినట్టుంటుంది గాని, బూజు మరింత వేగంగా పెరుగుతుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. గీత పడిన మొదటి గంటలో ఏం జరుగుతుంది? పన్నెండో గంటలో, మూడో రోజున ఏం జరుగుతుంది? బూజు ఏ పొర దాకా దిగింది, కణాలు దాన్ని ఎలా ఎదుర్కొన్నాయి? ఇది తెలియాలంటే గంటగంటకూ కార్నియా ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. బతికున్న మనిషి కన్నును అలా కోయలేం. కాబట్టి వ్యాధిని మరెక్కడో చూడాలి. ఆ ‘మరెక్కడో’ అన్నదానికి వైద్యశాస్త్రం ఒక్కో కాలంలో ఒక్కో సమాధానం చెప్పింది. ఒకప్పుడు పేదవాడి శరీరం, తర్వాత కుక్క, కుందేలు, ఆ తర్వాత గాజుపాత్రలోని కణాలు, ఇటీవల యంత్రంతో ముద్రించిన సజీవ కణజాలం. ఈ సమాధానాలన్నిటిలోనూ హైదరాబాద్‌కు ఏదో ఒక పాత్ర ఉంది. ఈ పాఠం ఆ చరిత్రను పరిశీలిస్తుంది.

క్లోరోఫాం కమిషన్లు

19వ శతాబ్దం రెండో సగంలో శస్త్రచికిత్సకు ముందు మత్తు కోసం క్లోరోఫాం వాడేవారు. అప్పుడప్పుడూ రోగి బల్ల మీదే హఠాత్తుగా చనిపోయేవాడు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నదానిపై యూరప్‌లో పెద్ద వాదం నడిచింది. ఊపిరి అనేవారి పక్షాన హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ నిలిచాడు. ఆ మెడికల్ స్కూలే తర్వాతి కాలంలో ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ డబ్బు ఇవ్వగా, 1888లో మొదటి కమిషన్ కుక్కలపై ప్రయోగాలు చేసి, ఊపిరే ముందు ఆగుతుందని తేల్చింది. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక దీన్ని నమ్మలేదు. మీరే ఒక నిపుణుణ్ణి పంపండి, ఖర్చు నేను పెట్టుకుంటాను అని నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ ఔషధశాస్త్రవేత్త వచ్చాడు. 1889లో జరిగిన రెండో కమిషన్ 400కు పైగా జంతువులపై ప్రయోగాలు చేసింది. ఇందులో పాల్గొన్నవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఉంది. ప్రపంచంలో మత్తువైద్యం చేసిన తొలి మహిళల్లో ఆమె పేరు చెబుతారు.

రెండో కమిషన్ కూడా లారీ వైపే మొగ్గింది. ఊపిరి గమనిస్తే చాలు, నాడి చూడనవసరం లేదన్న అభిప్రాయం దానితో బలపడింది. కాని బల్లల మీద మరణాలు ఆగలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై పనిచేసి, మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి, కొట్టుకోవటం ఆగి ప్రాణం పోవచ్చని చూపించాడు.

ఈ కథను ‘జంతువులపై ప్రయోగం వృథా’ అని చెప్పటానికి వాడుకునేవారున్నారు. అది సరికాదు. లెవీ కూడా జంతువుల మీదే నిరూపించాడు. హైదరాబాద్‌లో జంతువులకు మత్తు బాగా ఎక్కించి చూశారు. ఆస్పత్రిలో మనిషి చనిపోయేది భయంతో, సగం మత్తులో, కత్తి తగిలిన క్షణంలో. ఆ పరిస్థితి నమూనాలోకి రాలేదు. నమూనా అంటే మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పే వస్తువు. అడగటం మరిచినదాన్ని అది గుర్తుచేయదు. ముందు ముందు ముద్రిత కణజాలాల గురించి చదివేటప్పుడు ఈ మాట మనసులో ఉంచుకోండి.

అణాకు ఒక దోమ

క్లోరోఫాం కమిషన్ ముగిసిన ఎనిమిదేళ్ళకు అదే నగరపు మరో కొసన రొనాల్డ్ రాస్ మలేరియాపై పనిచేస్తున్నాడు. సికింద్రాబాద్‌లో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలు కుట్టేలా ఏర్పాటు చేసి, ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి చెల్లించాడు. ఆ రక్తం తాగిన దోమల్లో ఒకదాని పొట్ట గోడలో 1897 ఆగస్టు 20న మలేరియా పరాన్నజీవి కనిపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరున భవనం ఉంది. హుసేన్ ఖాన్ తర్వాత ఏమయ్యాడో పాఠ్యపుస్తకాలు రాయవు. పరాన్నజీవి దోమలో పెరిగి, కాటు ద్వారా మరో ప్రాణికి చేరే పూర్తి చక్రాన్ని రాస్ 1898లో కలకత్తాలో పక్షులలో చూపించాడు. మనిషి నుంచి పక్షికి మారటం వల్ల అతని పని వేగం అందుకుంది. పక్షి మలేరియాకూ మనిషి మలేరియాకూ తేడాలున్నాయి, అయినా చక్రం స్వరూపం ఒకటే కావటంతో ఆ నమూనా పనికొచ్చింది.

మనిషి శరీరాన్ని నమూనాగా వాడటం అక్కడితో పోలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, అంటే నేటి మహబూబాబాద్ పొరుగున, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్.పి.వి. టీకాను వేలమంది బాలికలకు ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ళలో చదివేవారు. కొన్ని మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. విచారణ జరిపినవారు ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు. ఈ టీకా ప్రపంచమంతటా వాడుకలో ఉన్నదే, మేలు చేసేదే. కాని సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మందు మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న, అది ఎవరి మీద, ఎవరిని అడిగి పరీక్షించారన్నది మరొక ప్రశ్న. చరిత్ర విద్యార్థి ఈ రెంటినీ కలిపేయకూడదు.

గాజుపాత్రలో కణం, కుందేలు కన్ను

1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండపు నాడీ కణజాలాన్ని శరీరం బయట పెరగనిచ్చాడు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ కణితి నుంచి, ఆమెను అడగకుండానే తీసిన కణాలు ‘హీలా’ పేరుతో ప్రపంచమంతా ప్రయోగశాలలకు పాకాయి. మన దగ్గర 1977లో పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో హైదరాబాద్‌లో సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఏర్పడ్డాక కణాల పెంపకం ఇక్కడా నిత్యకృత్యమైంది.

ఈ పద్ధతికి ఒక లోపముంది. పాత్ర అడుగున కణాలు ఒక్క పొరగా, చాప పరిచినట్టు పెరుగుతాయి. శరీరంలో అవి అలా ఉండవు. కార్నియానే చూడండి. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. ఆ కొద్ది మందంలోనే పైన కణాల పొర, మధ్యలో కొల్లాజెన్ పోగులు పడుగు పేకల్లా అమరిన స్ట్రోమా, అడుగున నీటిని బయటికి తోడే మరో కణాల పొర ఉంటాయి. పోగుల మధ్య దూరం ఒక క్రమంలో ఉండబట్టే వెలుతురు చెదరకుండా లోపలికి పోతుంది. రక్తనాళాలు లేవు. ఇంత కట్టుదిట్టమైన నిర్మాణంలోకి బూజు ఎలా చొరబడుతుందో చాపలాంటి కణాల పొర చెప్పలేదు.

కాబట్టి చాలాకాలం కుందేలు కన్నే ఆధారమైంది. 1944లో జాన్ డ్రేజ్ అనే అమెరికా ఔషధశాస్త్రవేత్త, రసాయనాన్ని కుందేలు కంట్లో వేసి మంట, మచ్చ ఎంత వచ్చాయో మార్కులు వేసే పద్ధతి ప్రవేశపెట్టాడు. షాంపూలు మొదలుకొని పురుగుమందుల దాకా దానితోనే పరీక్షించారు. పత్తికి, మిర్చికి మందు కొట్టే మన రైతు చేతిలోని డబ్బా మీద ‘కళ్ళకు హానికరం’ అన్న హెచ్చరిక వెనుక ఈ చరిత్ర ఉంది. అయితే కుందేలు మనంత తరచుగా కనురెప్పలు కొట్టదు, దానికి మూడో రెప్ప ఉంటుంది, దాని కార్నియా అడుగు కణాలు దెబ్బతింటే మళ్ళీ పెరుగుతాయి. మనిషిలో ఆ కణాలు పోతే పోయినట్టే. 1980లో హెన్రీ స్పైరా అమెరికాలో సౌందర్య సాధనాల కంపెనీలపై చేసిన ఉద్యమంతో ప్రత్యామ్నాయాల వెతుకులాట మొదలైంది. 2015లో ఓఈసీడీ, పాత్రలో పెంచిన మనిషి కార్నియా పైపొర వంటి కణజాలంతో చేసే కంటిమంట పరీక్షను అంతర్జాతీయ మార్గదర్శకంగా ఆమోదించింది. భారతదేశం 2014లో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించటాన్ని నిషేధించింది.

ముద్రణ యంత్రం జీవశాస్త్రంలోకి

1984లో చార్లెస్ హల్, ద్రవాన్ని వెలుతురుతో పొరలుపొరలుగా గట్టిపరిచి వస్తువు తయారుచేసే విధానానికి పేటెంటు దరఖాస్తు చేశాడు. త్రీడీ ముద్రణ అక్కడ మొదలైంది. 1988లో రాబర్ట్ క్లీబ్ కార్యాలయాల్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్‌లో సిరాకు బదులు, కణాలను అతుక్కునేలా చేసే ప్రొటీన్ నింపాడు. అది పడినచోటే కణాలు అంటుకున్నాయి. 2000 తర్వాత థామస్ బోలాండ్ బతికున్న కణాలనే ప్రింటర్ గుండా పంపి, అవి చావకుండా బయటికి వస్తాయని చూపించాడు. 2014లో అమెరికాలోని ఆర్గనోవో సంస్థ ముద్రించిన కాలేయ కణజాలాన్ని మందుల కంపెనీలకు అందుబాటులోకి తెచ్చింది. ట్రోవాఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 1998లో మార్కెట్లోకి వచ్చి, కొందరు రోగుల కాలేయాన్ని దెబ్బతీయటంతో మరుసటి ఏడాదే దాని వాడకాన్ని కట్టడి చేయాల్సి వచ్చింది. ఆ హానిని ముద్రిత కాలేయం చూపగలదని 2016లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. జరిగిపోయిన తప్పును పట్టుకోవటం జరగబోయేదాన్ని పట్టుకోవటమంత కష్టం కాదన్నది నిజమే. అయినా అది ముఖ్యమైన మెట్టు.

ఈ ముద్రణ ఎలా జరుగుతుందో సంక్రాంతికి మురుకులు ఒత్తిన ఇంటివారికి వివరించనవసరం లేదు. పిండి పలుచనైతే ఆకారం నిలవదు. గట్టిదైతే గొట్టంలోంచి రాదు, బలవంతంగా ఒత్తితే తెగుతుంది. ఇక్కడ పిండికి బదులు ‘జీవసిరా’, అంటే కణాలు కలిపిన జిగురు పదార్థం ఉంటుంది. ఎక్కువ ఒత్తిడి పెడితే కణాలు నలిగి చస్తాయి. తక్కువైతే గీత సరిగా పడదు. చల్లగా ఉన్నప్పుడు ద్రవంగా ఉండి, శరీరపు వేడి అయిన 37 డిగ్రీల దగ్గర గట్టిపడే సిరా కావాలి. సిరాలో ఉండే పదార్థం ఆ అవయవానికి తగినదై ఉండటం మరీ ముఖ్యం. 2014లో దక్షిణ కొరియాలోని పోస్టెక్ విశ్వవిద్యాలయంలో డాంగ్ వూ చో బృందం, కణజాలంలోని కణాలను కడిగేసి, మిగిలిన జాలికనే సిరాగా మార్చవచ్చని చూపించింది. ఆ పరిశోధన పత్రపు తొలి రచయిత ఫాల్గుణి పాటి. ఆయనే తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో ఆచార్యుడయ్యాడు.

కందిలో సిరా, బంజారాహిల్స్‌లో కన్ను

హైదరాబాద్‌లో కార్నియా పరిశోధనకు పునాది అప్పటికే ఉంది. గుల్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థకు 1989 నుంచి రామాయమ్మ పేరిట నేత్రనిధి ఉంది. 2001 నుంచి అక్కడ వీరేందర్ సంగ్వాన్, గీతా వేముగంటి తదితరులు, నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను ప్రయోగశాలలో పెంచి, సున్నం, ఆమ్లం పడి దెబ్బతిన్న కళ్ళకు అమర్చారు. సున్నం అన్నమాట యాదృచ్ఛికం కాదు. పాన్ కోసం కొన్న సున్నం పొట్లాలు చిట్లి పిల్లల కళ్ళలో పడిన కేసులను ఈ సంస్థ వైద్యులు వైద్యపత్రికల్లో నమోదు చేశారు. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ ప్రపంచంలో తొలిసారి విజయవంతంగా కార్నియా మార్పిడి చేసింది కూడా సున్నం పడి కళ్ళు పోయిన ఒక కూలివానికే.

2022 ఆగస్టులో ఎల్.వి.ప్రసాద్ సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి త్రీడీ ముద్రిత కార్నియాను ప్రకటించాయి. సయన్ బసు, వివేక్ సింగ్, ఫాల్గుణి పాటి ఈ పనిలో ముఖ్యులు. నాలుగేళ్ళ క్రితమే, 2018లో, ఇంగ్లాండ్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో చే కానన్ బృందం నాచు నుంచి తీసిన ఆల్జినేట్, కొల్లాజెన్ కలిపి మనిషి కార్నియా కణాలతో పది నిమిషాల్లోపే ఆ ఆకారాన్ని ముద్రించింది. హైదరాబాద్ బృందపు తేడా సిరాలో ఉంది. దానం చేసిన మనిషి కార్నియాల నుంచి కణాలను తొలగించి, మిగిలిన జాలికను జిగురుగా మార్చి, అందులో మనిషి కంటి మూలకణాలను కలిపి ముద్రించారు. జంతు పదార్థం, కృత్రిమ పదార్థం అందులో లేవని బృందం తెలిపింది. ముద్రించినదాన్ని కుందేలు కంట్లో అమర్చి పరీక్షించారు. కుందేలును తప్పించాలన్న ఆశతో మొదలైన ఈ దారి మళ్ళీ కుందేలు దగ్గరికే చేరిందని మీరు గమనించే ఉంటారు. చికిత్స కోసమైతే అది తప్పదు, ఎందుకంటే అమర్చిన కణజాలం బతికున్న కంట్లో నిలుస్తుందో లేదో పాత్రలో తెలియదు.

వ్యాధి అధ్యయనానికి ఆ అవసరం తక్కువ. అదే సిరా, అదే యంత్రంతో ముద్రించిన కార్నియాకు ఒక గీత పెట్టి, దాని మీద ఫ్యుసేరియం వేసి, గంటగంటకూ ఒక ముక్క కోసి చూడవచ్చు. నాటమైసిన్ చుక్కలు ఏ లోతు దాకా చేరుతున్నాయో కొలవవచ్చు. ఈ పాఠం మొదట్లో అడిగిన ప్రశ్నకు, మనిషినీ కుందేలునూ కోయకుండా జవాబు వెతికే వీలు ఇలా కలిగింది. అయితే కన్నీరు, రెప్ప కదలిక, రక్తం నుంచి పరుగెత్తి వచ్చే తెల్లకణాలు ఆ ముద్రిత ముక్కలో ఉండవు. కార్నియా పుండులో మచ్చ పడటానికి బూజుతోపాటు ఆ తెల్లకణాల పోరాటమూ కారణమే. క్లోరోఫాం కమిషన్ మరిచిపోయిన సగం మత్తులాంటిదే ఇది.

బొగ్గు ధూళి, నెలల లెక్క

భూపాలపల్లి విద్యార్థులకు మరో ఉదాహరణ దగ్గరగా ఉంటుంది. సింగరేణి కాకతీయ గనుల్లో పనిచేసేవారికి బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకొని వచ్చే వ్యాధి గురించి తెలుసు. 2015లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఊపిరితిత్తుల్లో గాలికీ రక్తానికీ మధ్య ఉండే పలుచని గోడను ముద్రించారు. తర్వాత కొరియాలో అటువంటి ముద్రిత గోడకు ఫ్లూ వైరస్ సోకించి చూశారు. వైరస్ పని రోజుల్లో తెలుస్తుంది. బొగ్గు ధూళి పని పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో బయటపడుతుంది. ముద్రిత కణజాలం సాధారణంగా బతికేది వారాలు. ఒక కణం ధూళి రేణువును మింగిన మొదటి రోజున ఏమవుతుందో అది చెప్పగలదు, రిటైరయ్యే నాటికి కార్మికుని ఊపిరి ఎంత మిగులుతుందో చెప్పలేదు. నా అభిప్రాయంలో నెమ్మదిగా వచ్చే వృత్తివ్యాధుల విషయంలో ధూళిని కొలిచే పరికరం, క్రమం తప్పని ఎక్స్‌రే పరీక్ష ఇప్పటికీ ముద్రణ యంత్రం కంటే ఎక్కువ ఉపయోగకరం.

చట్టం కూడా ఈ మధ్యే మారింది. అమెరికాలో 1937లో ఒక విషపూరిత సల్ఫా మందు తాగి వందమందికి పైగా చనిపోయాక, 1938లో మందులకు ముందస్తు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. ఆచరణలో అవి జంతు పరీక్షలయ్యాయి. 2022 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం కణ పరీక్షలను, కంప్యూటర్ నమూనాలను, ముద్రిత కణజాల నమూనాలను కూడా అంగీకరించింది. 2023 మార్చిలో భారత ప్రభుత్వం 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించి ఇటువంటి పద్ధతులకు చోటిచ్చింది. జంతు పరీక్షలు రద్దు కాలేదు, వాటికి బదులు మరొకటి చూపే వీలు కలిగింది. మనుషులపై జరిగే చివరి దశ పరీక్షలూ అలాగే ఉన్నాయి. వాటికి సమ్మతి అవసరమూ అలాగే ఉంది.

సమ్మతి మాట సిరాకూ వర్తిస్తుంది. హైదరాబాద్ పద్ధతిలో ఆ సిరా ఎవరో ఒకరి కన్నే. మరణించిన ఆరు గంటల్లోపు ఇంటివారు ఫోన్ చేస్తే నేత్రనిధి సిబ్బంది వచ్చి కార్నియాలు సేకరిస్తారు. సేకరించిన ప్రతి కార్నియా మార్పిడికి పనికిరాదు. దాత వయసు వల్లనో, కణాలు తగ్గిపోవటం వల్లనో, ఇన్ఫెక్షన్ అనుమానంతోనో కొన్నిటిని పక్కన పెడతారు. శిక్షణకు, పరిశోధనకు వెళ్ళేవి అవే. సంతకం పెట్టే కొడుకుకో కూతురికో ఆ సమయంలో ‘మరొకరికి చూపు వస్తుంది’ అన్న మాటే వినిపిస్తుంది. చూపు రాకపోయినా ఆ కన్ను ప్రయోగశాలలో ఒక బూజు దారిని చూపవచ్చని చెప్పి, దానికి విడిగా అనుమతి అడగటానికి మరో రెండు నిమిషాలు చాలు.